పుట్టుక ఇచ్చేదెంత, పని నేర్పేదెంత?
(డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ‘నేపథ్యం’ నియమాలు – ఒక పరిశీలన)



వార్షికోత్సవ సంచికలో చదువు మీద, ఆరోగ్యం మీద, పోటీ పరీక్షల మీద వ్యాసాలు ఏటా వస్తూనే ఉన్నాయి. ఈసారి మేము ఒక ఆట గురించి రాయాలనుకున్నాం. ఆట మీద పాఠమేమిటని పెద్దలు అడగవచ్చు. ఈ ఆట మొదలుపెట్టాలంటే ముందు కాగితం మీద ఒక మనిషిని తయారు చేయాలి. అలా తయారు చేసేటప్పుడు నియమాల పుస్తకం ఒక ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు: ఈ మనిషికి శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? పుట్టిన జాతి నుంచా, పెరిగిన తీరు నుంచా, చేసిన పని నుంచా? ఆట తయారుచేసినవాళ్లు 50 ఏళ్లలో ఈ జవాబును చాలాసార్లు మార్చారు. ఆ ప్రశ్న మనకు కొత్తది కాదు. అందుకే ఆ మార్పులను వరుసగా చదివి, అర్థమైనంత మేరకు ఇక్కడ పాఠంగా రాస్తున్నాం.

1. ఆట పరిచయం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో వచ్చింది. తయారు చేసినవారు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. మొదట టి.ఎస్.ఆర్. అనే సంస్థ ప్రచురించింది. 1997లో ఆ సంస్థను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొన్నది. 1999లో దానిని బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొన్నది.

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. ఆయనను డంజన్ మాస్టర్ అంటారు. మిగిలినవారు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుంటారు. “మీ ముందు వాగు పొంగుతోంది, వంతెన కొట్టుకుపోయింది, ఏం చేస్తారు?” అని కథ నడిపేవారు అడుగుతారు. ఒకరు తాడు కట్టి దాటుతానంటారు. ఇంకొకరు అవతలి ఒడ్డున ఉన్న పడవవాణ్ని కేకేసి బతిమాలతానంటారు. అప్పుడు పాచిక వేస్తారు. వైకుంఠపాళిలో పాచిక ఎంత చెబితే పావు అంతే నడుస్తుంది. ఇక్కడ ఏం చేయాలో ఆడేవాళ్లే నిర్ణయించుకుంటారు. అది నెరవేరిందా లేదా అన్నది మాత్రమే పాచిక చెబుతుంది.

2. లెక్క తెలిస్తేనే నియమం తెలుస్తుంది

ప్రతి పాత్రకు ఆరు గుణాలు ఉంటాయి: బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, బుద్ధి, వివేకం, ఆకర్షణ. వీటిలో బుద్ధి అంటే చదువు, జ్ఞాపకం, తర్కం. వివేకం అంటే చుట్టూ ఏం జరుగుతోందో కనిపెట్టే గుణం. 15, 14, 13, 12, 10, 8 అనే ఆరు అంకెలను ఈ ఆరు గుణాలకు మనకు నచ్చినట్టు పంచుకోవచ్చు. పాత్రలను తయారు చేసే పద్ధతుల్లో ఇది అన్నిటికంటే తేలికైనది.

ఒక్కో గుణం నుంచి ఒక కలుపుడు అంకె వస్తుంది. గుణంలోంచి 10 తీసేసి, మిగిలినదాన్ని సగం చేసి, భిన్నం వస్తే కింది అంకె తీసుకోవాలి. 15కు +2 వస్తుంది. 16కైనా 17కైనా +3. పదికి సున్నా. 8కి –1.

పని చేయాల్సి వచ్చినప్పుడు ఇరవై ముఖాల పాచిక వేసి, దానికి ఈ అంకె కలుపుతారు. ఆ పనిలో పాత్రకు ప్రావీణ్యం ఉంటే మొదటి స్థాయిలో ఇంకో 2 కలుపుతారు. మధ్యస్థంగా కష్టమైన పనికి మొత్తం 15 రావాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక మాంత్రికురాలికి బుద్ధి 15. పాత మంత్రలిపి చదవడంలో ప్రావీణ్యం ఉంది. ఆమెకు కలిసేది 2+2=4. పాచిక మీద 11 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. అంటే 20లో 10 అవకాశాలు. అదే బుద్ధి 17 అయితే కలిసేది 5. పాచిక మీద 10 పడితే చాలు. 20లో 11 అవకాశాలు. తేడా ఇరవైలో ఒకటి. ఇరవైలో ఒకటే కదా అని కొట్టిపారేయవచ్చు. కానీ ఒక్క మార్కుతో సీటు పోగొట్టుకున్నవారికి ఆ ఒకటి విలువ ఎంతో తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 15ను 17 చేసే ఆ అదనపు 2 ఎవరికి వస్తుంది? ఎందుకు వస్తుంది?

3. పుట్టుకే వృత్తి అయిన కాలం

ఈ ఆటలో మనుషులతో పాటు కల్పిత జాతులు కూడా ఉన్నాయి. డ్వార్ఫ్‌లు కొండల లోపల గనులు తవ్వుకుని బతికే పొట్టివాళ్లు. ఎల్ఫ్‌లు అడవుల్లో ఉండే దీర్ఘాయుష్కులు. హాఫ్లింగ్‌లు మన నడుమెత్తు ఉండే పల్లెటూరి జనం.

1974 నాటి మొదటి పుస్తకాల్లో డ్వార్ఫ్ పాత్ర తీసుకున్నవారు యోధుడు తప్ప మరొకటి కావడానికి వీల్లేదు. ఆ యోధుడైనా ఆరో స్థాయి దాటి పైకి పోకూడదు. హాఫ్లింగ్‌కు నాలుగో స్థాయితో సరి. మనుషులకు మాత్రం అలాంటి హద్దు లేదు. 1978లో వచ్చిన ‘అడ్వాన్స్‌డ్’ పుస్తకంలోనూ ఏ జాతివారు ఏ వృత్తిలోకి పోవచ్చు, ఎంతవరకు ఎదగవచ్చు అన్న పట్టికలు కొనసాగాయి. స్త్రీ పాత్రల బలానికి పురుష పాత్రలకంటే తక్కువ హద్దు కూడా అందులో పెట్టారు. దాన్ని 1989లో వచ్చిన రెండో కూర్పులో తీసేశారు.

1981 నాటి ‘బేసిక్’ పుస్తకం ఇంకా సూటిగా చెప్పింది. మనుషులు యోధుడు, మాంత్రికుడు, పూజారి, దొంగ అనే నాలుగు వృత్తుల్లో దేన్నయినా ఎంచుకోవచ్చు. డ్వార్ఫ్‌కు, ఎల్ఫ్‌కు, హాఫ్లింగ్‌కు ఎంపికే లేదు. డ్వార్ఫ్ అన్నదే వాళ్ల వృత్తి.

ఆ అమెరికన్ రచయితలు మన దేశాన్ని చూసి ఈ నియమాలు రాయలేదు. వాళ్లు చదివిన అద్భుత కథల్లోంచి ఆ జాతులు వచ్చాయి. అయినా మన పిల్లలు చదివితే పోలిక తట్టకుండా ఉండదు. మనిషి చేసే పనిని అతడి సామర్థ్యమూ ఇష్టమూ కాకుండా పుట్టుకే ముందుగా నిర్ణయించడాన్ని బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో తప్పుపట్టారు. కాగితం మీది డ్వార్ఫ్‌కు జరిగిన నష్టం ఆట అయిపోగానే పోతుంది. మన తాతముత్తాతలకు జరిగినది అలా పోలేదు. ఈ భేదాన్ని మరిచిపోకుండానే మిగతాది చదువుదాం.

2000లో వచ్చిన మూడో కూర్పు ఆ హద్దులను ఎత్తివేసింది. ఎవరైనా ఏ వృత్తి అయినా చేపట్టవచ్చు, ఎంతవరకైనా ఎదగవచ్చు. అయితే అదనపు అంకెలు మాత్రం జాతి దగ్గరే ఉండిపోయాయి. తలుపు అందరికీ తెరిచారు గానీ, గడప ఎత్తు అందరికీ ఒకటి కాలేదు.

4. 2014: నేపథ్యం వచ్చింది

ఐదో కూర్పు ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ 2014 ఆగస్టులో వచ్చింది. అంతకు ముందు 2012, 2013 సంవత్సరాల్లో ముసాయిదా నియమాలను జనానికి ఇచ్చి ఆడించి, అభిప్రాయాలు తీసుకున్నారు. ఈ పుస్తకంలో ప్రతి పాత్రకు జాతి, వృత్తి మాత్రమే కాక ‘నేపథ్యం’ కూడా ఉండాలన్నారు. సాహసయాత్రకు బయలుదేరక ముందు ఈ మనిషి ఏం చేసేవాడు? గుడిలో సేవకుడా, నావికుడా, సిపాయా, పండితుడా, వీధిబాలుడా? మొత్తం 13 నేపథ్యాలు ఇచ్చారు. ఒక్కో నేపథ్యం నుంచి రెండు నైపుణ్యాలు వస్తాయి. పనిముట్ల ప్రావీణ్యాలు, భాషలు కలిపి సాధారణంగా మరో రెండు వస్తాయి. కొన్ని వస్తువులు, కథలో పనికొచ్చే ఒక సౌకర్యం కూడా ఉంటాయి. వీటితో పాటు ఒక ఆదర్శం, ఒక బంధం, ఒక లోపం రాసుకోవాలి.

వీధిబాలుడి నేపథ్యం మమ్మల్ని ఎక్కువసేపు ఆపింది. అతడి సంచిలో ఒక చిన్న చాకు, పెరిగిన ఊరి పటం, ఒక పెంపుడు ఎలుక, తల్లిదండ్రుల గుర్తుగా దాచుకున్న ఒక వస్తువు ఉంటాయి. రాసినవారికి మనసుంది అనిపించింది. కానీ నైపుణ్యాల దగ్గరికి వస్తే పుస్తకం ఇచ్చినవి చేతివాటం, చప్పుడు కాకుండా నడవడం. పనిముట్లు మారువేషం సామగ్రి, తాళాలు తీసే దొంగల పనిముట్లు. దిక్కులేని బిడ్డ దొంగతనమే నేర్చుకుంటాడా? ఎదుటివాడి ముఖం చూసి ఆకలి తీరుస్తాడో తరిమేస్తాడో చెప్పగలగడం నేర్చుకోడా? చిన్నవాళ్లకు కాపలా కాయడం నేర్చుకోడా?

దీనికి మందు ఆ పుస్తకంలోనే ఉంది. ‘నేపథ్యాన్ని మార్చుకోవడం’ అనే చిన్న నియమం అది. దాని ప్రకారం మీకు నచ్చిన రెండు నైపుణ్యాలు తీసుకోవచ్చు. పనిముట్లు, భాషలు కలిపి నచ్చిన రెండు తీసుకోవచ్చు. సౌకర్యాన్ని వేరే నేపథ్యం నుంచి తెచ్చుకోవచ్చు. ఇచ్చిన వస్తువులు వద్దనుకుంటే డబ్బు తీసుకుని నచ్చినవి కొనుక్కోవచ్చు. వీధిబాలుడికి చేతివాటం తీసేసి ‘మనసు చదవడం’ ఇస్తే పాత్ర ఎంత మారిపోతుందో ఆలోచించండి.

అయినా అదనపు అంకెలు అప్పటికీ పుట్టుకతోనే ముడిపడి ఉన్నాయి. నోమ్ జాతిలో పుడితే బుద్ధికి 2 కలుస్తుంది. హాఫ్ ఓర్క్‌గా పుడితే బలానికి 2, దేహదారుఢ్యానికి 1 కలుస్తాయి, బుద్ధికి ఏమీ కలవదు. ఇద్దరూ మాంత్రికులు కావాలనుకుని బుద్ధికి 15 పెట్టుకున్నారనుకోండి. ఒకరు 17తో మొదలవుతారు, మరొకరు 15 దగ్గరే ఉంటారు. చదువు ఇద్దరిదీ ఒకటే. తేడా పుట్టుకది.

5. 2020, 2022: ముడి విప్పారు

2020 నవంబరులో ‘టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్’ అనే పుస్తకం వచ్చింది. జాతి ఇచ్చే అదనపు అంకెలను నచ్చిన గుణానికి మార్చుకోవచ్చని అందులో ఐచ్ఛిక నియమం పెట్టారు. కథ నడిపేవారు ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది.

2022 ఆగస్టులో కొత్త కూర్పు కోసం ముసాయిదాలు విడుదల చేయడం మొదలైంది. మొదటి ముసాయిదా పేరు ‘క్యారెక్టర్ ఆరిజిన్స్’. ముసాయిదా ఓటర్ల జాబితాను పంచాయతీ గోడకు అంటించి అభ్యంతరాలుంటే చెప్పమన్నట్టుగా, ఈ నియమాలను ఉచితంగా ఇచ్చి, ఆడి చూసి అభిప్రాయం చెప్పమన్నారు. ఇంగ్లిషులో దీన్నే ప్లేటెస్ట్ అంటారు.

ఆ ముసాయిదాలోని పెద్ద మార్పు ఇది: అదనపు అంకెలను జాతి నుంచి తీసేసి నేపథ్యానికి ఇచ్చారు. ఎలా పుట్టావన్నదానికి బదులు ఏం చేశావు, ఏం నేర్చుకున్నావు అన్నదాన్ని లెక్కలోకి తీసుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో ‘రేస్’ అన్న మాటనే వదిలేసి ‘స్పీషీస్’ అని వాడతామని ప్రకటించారు.

రెండో మార్పు మాకు ఇంకా నచ్చింది. నేపథ్యాన్ని సొంతంగా తయారు చేసుకోవడమే అసలు నియమం అన్నారు. రైతు, కూలీ, యాత్రికుడు, కాపలాదారు లాంటి నేపథ్యాల పట్టిక ఇచ్చారు గానీ వాటిని నమూనాలు అన్నారు. నమూనాను ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పూర్తిగా పక్కన పెట్టి కొత్తది రాసుకోవచ్చు. సొంతంగా రాసుకునేవారికి దొరికేవి ఇవి:

(అ) ఒక గుణానికి 2, మరొకదానికి 1. లేదా మూడు గుణాలకు తలా 1.
(ఆ) నచ్చిన రెండు నైపుణ్యాలు.
(ఇ) ఒక పనిముట్టులో ప్రావీణ్యం.
(ఈ) ఒక భాష.
(ఉ) మొదటి స్థాయికి తగిన ఒక ప్రత్యేక ప్రతిభ. ఇంగ్లిషులో దీన్ని ఫీట్ అంటారు.
(ఊ) వస్తువులు కొనుక్కోవడానికి 50 బంగారు నాణేలు.

6. ఒక పాత్రను తయారు చేసి చూద్దాం

పాత్ర పేరు మల్లి అనుకుందాం. పొలం పనులు చేసుకునే కుటుంబం. మల్లి మాంత్రికురాలు కావాలనుకుంటోంది. 2022 ముసాయిదా ప్రకారం ఆమె నేపథ్యాన్ని మనమే రాద్దాం.

గుణాలు: బుద్ధికి 2, దేహదారుఢ్యానికి 1. పగలు నాట్లు వేసి, రాత్రి దీపం దగ్గర చదివిన పిల్ల కాబట్టి ఈ రెండూ పెరగడానికి కారణం ఉంది. బుద్ధి 15 నుంచి 17 అయింది. దేహదారుఢ్యం 13 నుంచి 14 అయింది.

నైపుణ్యాలు: ఆటలో మొత్తం 18 నైపుణ్యాలు ఉన్నాయి. మల్లికి ‘ప్రకృతి జ్ఞానం’, ‘మనసు చదవడం’ ఇద్దాం. మొదటిది చేను నేర్పింది. రెండోది కూలి డబ్బుల కోసం కామందు గడపలో నిలబడినప్పుడు, ఇవాళ ఇస్తాడా రేపు రమ్మంటాడా అని ఆయన ముఖం చూసి చెప్పడం దగ్గర వచ్చింది.

పనిముట్టు: మూలికల సామగ్రి. నాయనమ్మ దగ్గర ఆకుపసర్లు నూరడం నేర్చుకుంది.

భాష: సంజ్ఞాభాష. తమ్ముడికి వినిపించదు. ఈ ముసాయిదా భాషల పట్టికలో సంజ్ఞాభాషను కూడా చేర్చింది. తమ్ముడితో మాట్లాడటానికి నేర్చుకున్న భాష, శత్రువులు వినకుండా జట్టుకు సైగ చేయడానికి కూడా పనికొస్తుంది.

ప్రత్యేక ప్రతిభ: ‘స్కిల్డ్’. దీనితో ఇంకో మూడు నైపుణ్యాలు వస్తాయి. చరిత్ర, మంత్రశాస్త్రం, వైద్యం తీసుకుందాం.

డబ్బు: 50 బంగారు నాణేలు. 2014 పుస్తకం ధరల ప్రకారం ఒక పుస్తకం 25. ఒక సీసా సిరా 10. మూలికల సామగ్రి 5. మామూలు బట్టలు అర నాణెం, దుప్పటి అర నాణెం. మొత్తం 41. చేతిలో మిగిలింది 9.

ఇక్కడ ఒక లెక్క మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. అదే పుస్తకంలో నైపుణ్యం లేని కూలీకి రోజు కూలి 2 వెండి నాణేలు అని ఉంది. పది వెండి నాణేలు ఒక బంగారు నాణెం. ఒక పుస్తకం ధర 250 వెండి నాణేలు. అంటే మల్లి తండ్రి 125 రోజులు కూలికి వెళితే ఒక పుస్తకం వస్తుంది, అదీ ఆ డబ్బులో తిండికి ఏమీ ఖర్చు పెట్టకపోతే. ధరల పట్టికను ఆటవస్తువుగా చూసేవారికి అది వట్టి పట్టిక. మనలాంటివారు చదివితే మల్లి సంచిలో అన్నిటికంటే బరువైన వస్తువు ఏదో తెలిసిపోతుంది. ఆ పుస్తకం ఆమె చేతికి ఎలా వచ్చిందన్నది ఒక కథ. ఎవరు కొనిచ్చారు? ఎవరి బాకీ ఉంది? కథ నడిపేవారికి అక్కడే కావాల్సినంత సరుకు దొరుకుతుంది.

7. 2024: ఏం నిలిచింది, ఏం పోయింది?

ముసాయిదాలు, అభిప్రాయ సేకరణలు 2023 చివరిదాకా సాగాయి. కొత్త ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ 2024 సెప్టెంబరులో వచ్చింది. అదనపు అంకెలు జాతికి తిరిగి పోలేదు, నేపథ్యం దగ్గరే నిలిచాయి. ఇది పెద్ద గెలుపు. కానీ సొంత నేపథ్యం అసలు నియమంగా నిలవలేదు. పుస్తకంలో 16 నేపథ్యాలు అచ్చువేసి, ఒక్కోదానికి మూడేసి గుణాలు కట్టేశారు. అదనపు అంకెలు ఆ మూడింటిలోనే వేసుకోవాలి.

రైతు నేపథ్యానికి ఇచ్చిన మూడు గుణాలు బలం, దేహదారుఢ్యం, వివేకం. దెబ్బలు ఎక్కువ తట్టుకునే ‘టఫ్’ అనే ప్రతిభ కూడా ఇచ్చారు. రైతు ఓర్పును గౌరవించినట్టే ఉంది. ప్రభువంశం నేపథ్యానికి ఇచ్చినవి బలం, బుద్ధి, ఆకర్షణ.

ఇప్పుడు మన మల్లిని ఈ పుస్తకంతో తయారు చేయండి. రైతు నేపథ్యం తీసుకుంటే ఆమె బుద్ధి 15 దగ్గరే ఆగిపోతుంది. ప్రభువు కొడుక్కి 17 అవుతుంది. మల్లి మంత్రాన్ని తప్పించుకోవడానికి శత్రువు 12 తెచ్చుకుంటే చాలు. ప్రభువు కొడుకు మంత్రానికి 13 కావాలి. పుట్టిన జాతి ముడి విప్పి, తల్లిదండ్రుల పని ముడి వేసినట్టయింది. అడ్మిషన్ ఫారంలో ‘తండ్రి వృత్తి’ అనే గడి నింపిన ప్రతి ఒక్కరికీ ఇది అర్థమవుతుంది. ఆ గడిలో రాసినది మనం ఎక్కడి నుంచి వచ్చామో చెబుతుంది. ఎంతదూరం పోగలమో చెప్పే పని దానిది కాదు.

రెండోవైపు కూడా చెప్పాలి. కొత్తగా ఆడేవారికి ఖాళీ కాగితంకంటే పట్టిక తేలిక. 16లో ఒకటి ఎంచుకుంటే అరగంటలో ఆట మొదలుపెట్టవచ్చు. అంతా స్వేచ్ఛగా వదిలేస్తే కొందరు కథ పట్టించుకోకుండా లాభమొచ్చే అంకెలు మాత్రమే ఏరుకుంటారు. ఈ రెండు మాటల్లోనూ నిజముంది.

దారులు పూర్తిగా మూసుకుపోలేదు. 2024 నవంబరులో వచ్చిన ‘డంజన్ మాస్టర్స్ గైడ్’లో కొత్త నేపథ్యం తయారు చేసే పద్ధతి ఉంది. అది కథ నడిపేవారి చేతిలో ఉంటుంది. పాత పుస్తకాల నేపథ్యం వాడుకుంటే అదనపు అంకెలు నచ్చిన గుణాలకు వేసుకోవచ్చని 2024 ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’లోనే ఒక వెసులుబాటు ఉంది. మేము గమనించినది ఒక్కటే. 2022 ముసాయిదాలో ఆడేవారికి హక్కుగా ఉన్నది 2024లో అడిగి తెచ్చుకునే అనుమతి అయింది. హక్కుకూ అనుమతికీ తేడా ఏమిటో సంక్షేమ వసతి గృహాల్లో పెరిగినవారికి విడమరిచి చెప్పనక్కర్లేదు.

8. సొంత నేపథ్యం రాసేవారికి ఐదు సూచనలు

ఒకటి. చేతులకు తెలిసిన పనితో మొదలుపెట్టండి. మీ పాత్ర పదిహేనేళ్లు వచ్చేసరికి ఏమేం చేయగలదో పది పనులు రాయండి. నీళ్లు తోడటం, మేకలు కాయడం, ఇరవై మందికి అన్నం వండటం, గొడవపడ్డ ఇద్దరిని విడదీయడం. ఆ తర్వాత వాటికి సరిపోయే నైపుణ్యాలను పట్టికలో వెతకండి. పట్టికతో మొదలుపెడితే అందరి పాత్రలూ ఒకే అచ్చులో వస్తాయి.

రెండు. ప్రతి ఎంపికకు ఒక వాక్యం కారణం రాయండి. కారణం రాయలేని అంకెను తీసేయండి. అంకెలు మాత్రమే ఏరుకునే అలవాటు దీనితో పోతుంది.

మూడు. పేదరికాన్ని పాత్ర లోపంగా రాయకండి. లోపం అంటే కోపం, తొందరపాటు, మాట దాచలేకపోవడం లాంటివి. లేమి మనిషి గుణం కాదు, అది ఆ మనిషి ఉన్న పరిస్థితి.

నాలుగు. ఒక గుణం తక్కువగానే ఉండనివ్వండి. మల్లి ఆకర్షణ 8 అయితే మాట్లాడే పని జట్టులో ఇంకొకరు చూసుకుంటారు. జట్టు అంటే అదే.

ఐదు. స్నేహితుల ఇంటి సంగతులను వారిని అడగకుండా పాత్రలో పెట్టకండి. ఒకే గదిలో ఉండేవారికి ఒకరి కష్టం ఒకరికి తెలుస్తుంది. అది మనల్ని నమ్మి చెప్పుకున్నది. ఆటకోసం వాడుకోకూడదు.

9. ఆడాలంటే ఏం కావాలి?

ఖరీదైన పుస్తకాలు కొననక్కర్లేదు. 2023 జనవరిలో ఐదో కూర్పు మూల నియమాలను, 2025లో కొత్త కూర్పు మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా విడుదల చేశారు. మూలాన్ని పేర్కొంటే చాలు, వాటిని తెలుగులోకి అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. 2014 నాటి ‘నేపథ్యాన్ని మార్చుకోవడం’ నియమం మొదటి విడుదలలో ఉంది. ఇంగ్లిషు బాగా వచ్చిన అన్నయ్యలు, అక్కయ్యలు సెలవుల్లో తలా పది పేజీలు అనువదిస్తే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మంచి కానుక అవుతుంది. ఇంగ్లిషూ పదునెక్కుతుంది.

ఇరవై ముఖాల పాచిక దొరక్కపోతే 1 నుంచి 20 వరకు చీటీలు రాసి టిఫిన్ డబ్బాలో వేయండి. ఒకటి తీసి చూసి, మళ్లీ అందులోనే వేసి కలపండి. తిరిగి వేయకపోతే అవకాశాల లెక్క తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో గణితం మాస్టారిని అడగండి. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు చాలు. స్టడీ అవర్ జోలికి పోవద్దు.

10. అభ్యాసం

1. బుద్ధి 13 ఉన్న పాత్రకు కలుపుడు అంకె ఎంత? ఇంకో 1 కలిస్తే ఎంత? 14కు 1 కలిస్తే మారుతుందా?
2. 125 రోజుల కూలిని ఒక పుస్తకం ధరతో పోల్చాం. ఒక సీసా సిరాకు ఎన్ని రోజుల కూలి కావాలి?
3. 2014 నాటి వీధిబాలుడి నైపుణ్యాలు రెండూ మార్చి కొత్త నేపథ్యం రాయండి. ప్రతి మార్పుకు ఒక వాక్యం కారణం ఇవ్వండి.
4. 2024 రైతు నేపథ్యంలో ఒక గుణం తీసేసి బుద్ధి చేర్చాలంటే మీరు ఏది తీసేస్తారు? ఎందుకు?
5. ‘వసతి గృహ విద్యార్థి’ అనే కొత్త నేపథ్యం తయారు చేయండి. మూడు గుణాలు, రెండు నైపుణ్యాలు, ఒక పనిముట్టు, ఒక భాష, ఒక ప్రతిభ. సంచిలో ఏమేం ఉంటాయో కూడా రాయండి. మంచివాటిని గోడపత్రికలో పెడదాం.

మిత్రులారా, ఐదో ప్రశ్నకు మీరు రాసే జవాబులు మేము చూడాలనుకుంటున్నాం. పూర్వ విద్యార్థులు కూడా రాసి పంపండి. మన గురించి ఇతరులు రాసిన నేపథ్యాలు చాలా చదివాం. వెనుకబడినవారు అనీ, సాయం పొందినవారు అనీ రాశారు. చిన్న వయసులోనే ఇల్లు వదిలి వచ్చి, పదిమందితో సర్దుకుని, ఉన్నదాన్ని పంచుకుని, కరెంటు లేని రాత్రి కూడా చదివినవారికి ఏ నైపుణ్యాలు వస్తాయో మనకంటే బాగా ఎవరు రాయగలరు? ఆ పట్టిక ఇప్పటిదాకా ఏ పుస్తకంలోనూ లేదు. కాగితం, కలం మన దగ్గరే ఉన్నాయి.

– పూర్వ, ప్రస్తుత విద్యార్థుల బృందం